చిన్న గ్రంథాలయంలో ఈ-పుస్తకాల సేవ: ఒప్పందం నుంచి ఇష్యూ కౌంటరు దాకా

ఈ-పుస్తకాల సేవ ప్రారంభించాలని తీర్మానం అయిందో లేదో, చాలామంది ముందుగా ఏ యాప్ బాగుంటుందో వెతకడం మొదలుపెడతారు. ఆ పనిని చివరికి వాయిదా వేయండి. యాప్‌లు వస్తుంటాయి, పోతుంటాయి. గ్రంథాలయాలకు ఈ-పుస్తకాలు సరఫరా చేసే పెద్ద సంస్థల్లో ఒకటైన ఓవర్‌డ్రైవ్ 2017లో లిబ్బీ అనే కొత్త యాప్ తెచ్చింది, 2023లో తన పాత యాప్‌ను పూర్తిగా ఆపేసింది. పాతదానికి అలవాటుపడిన పాఠకులకు మళ్లీ ఓనమాలు దిద్దించే పని ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా?

అసలు చూసుకోవలసింది వేరే ఉంది. అచ్చు పుస్తకాన్ని గ్రంథాలయం కొంటుంది. కొన్నాక దాన్ని ఎన్నేళ్లు, ఎందరికి, ఎన్నిసార్లు ఇవ్వాలన్నది గ్రంథాలయం ఇష్టం. ఈ-పుస్తకాన్ని మాత్రం చాలా సందర్భాల్లో కొనదు, షరతుల మీద వాడుకునే అనుమతి తెచ్చుకుంటుంది. గడువు తీరితే అర ఖాళీ అవుతుంది. బడ్జెట్ లెక్కలైనా, కౌంటరు దగ్గర పాఠకుడికి చెప్పే జవాబైనా ఈ తేడాను బట్టే ఉంటాయి.

కౌంటరు దగ్గర ఒక నోటుబుక్కు పెట్టండి

“మీకు ఈ-పుస్తకాలు కావాలా?” అని ఫారాలు పంచవద్దు. ఉచితంగా వచ్చేదాన్ని వద్దనేవారు ఉండరు, ఆ ఫారాల కట్ట నుంచి తేలేదీ ఏమీ ఉండదు. జరిగినదాన్ని అడగండి. ఈ మధ్య ఫోనులో ఏదైనా పుస్తకం చదివారా? అది ఎక్కడ దొరికింది? సగంలో ఆపేస్తే ఎందుకు ఆపారు? ఫోను తనదేనా, ఇంటిల్లిపాదిదీనా? ఇంటర్నెట్ ఇంట్లో ఉందా, గ్రంథాలయం వైఫై మీదే ఆధారపడుతున్నారా? రెండు మూడు వారాలు ఇలా మాటల మధ్యలో అడిగి రాసుకుంటే చాలు.

ఆ తర్వాత సభ్యత్వ రిజిస్టరు తిరగేసి, ఏడాదిగా రాని వారిలో కొందరికి ఫోను చేయండి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేనివారు, చూపు మందగించినవారు, రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారు, చంటిబిడ్డను వదిలి రాలేని తల్లులు అక్కడ కనిపిస్తారు. డిజిటల్ సేవ వల్ల ఎక్కువ మేలు జరిగేది వీరికే. రోజూ ఉదయాన్నే వచ్చి పత్రికలు చదువుకునే పెద్దాయనకు దానితో పని ఉండకపోవచ్చు. ఆయన కుర్చీ తీసేసి అక్కడ టాబ్లెట్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

ఖర్చు లేనివాటితో మొదలుపెట్టండి

కాపీరైటు గడువు తీరిన పుస్తకాలు బోలెడు ఉచితంగా దొరుకుతాయి. 1971లో మైఖేల్ హార్ట్ ప్రారంభించిన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఇప్పుడు 70,000కు పైగా పుస్తకాలున్నాయి. లిబ్రివాక్స్‌లో 2005 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు చదివి రికార్డు చేసిన ఆడియో పుస్తకాలు ఉన్నాయి. పాత పుస్తకాల పాఠాలను ఉచితంగా అందించే వికీసోర్స్ చాలా భాషల్లో నడుస్తోంది. స్టాండర్డ్ ఈబుక్స్ అనే సైటు పాత ఇంగ్లిషు పుస్తకాలనే తప్పులు దిద్ది, ముచ్చటగా అక్షరాలు కూర్చి అందిస్తుంది.

ఒక జాగ్రత్త. కాపీరైటు గడువు అన్ని దేశాల్లో ఒకటి కాదు. చాలాచోట్ల రచయిత మరణించాక 70 ఏళ్లు, కొన్నిచోట్ల 60, ఇంకొన్నిచోట్ల 50. గుటెన్‌బర్గ్ వారు సరిచూసేది అమెరికా చట్టాన్ని మాత్రమే. అక్కడ స్వేచ్ఛగా దొరికే పుస్తకానికి మీ దేశంలో ఇంకా హక్కుదారులు ఉండవచ్చు. రచయిత మరణించిన సంవత్సరం చూసి, మీ దేశపు గడువు కలిపి లెక్క వేసుకున్నాకే జాబితాలో చేర్చండి.

70,000 పుస్తకాలున్నాయని పాఠకుడికి లింకు ఇస్తే ఆయనకు ఏ పుస్తకమూ ఇవ్వనట్టే. ఓ వంద ఏరండి. మీ కౌంటరు దగ్గర ఎక్కువగా ఏమి అడుగుతారో మీకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు. ఏరినవాటిని మీ క్యాటలాగ్‌లోకి ఎక్కించండి. క్యాటలాగ్ వివరాలు రాసే ‘మార్క్’ పద్ధతి రికార్డులు వాడుతుంటే ఇంటర్నెట్ చిరునామా రాయవలసిన చోటు 856 ఫీల్డు. క్యాటలాగ్ సాఫ్ట్‌వేరే లేకపోతే ఉచితంగా దొరికే కోహా పరిశీలించండి. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ అనే చిన్న సంస్థ తన అవసరం కోసం 1999లో చేయించుకున్నదే అది. తర్వాత ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది.

అచ్చు కాపీ ఉన్న పుస్తకమే ఈ-పుస్తకంగానూ ఉంటే, అరలోని పుస్తకంలో క్యూఆర్ కోడ్ ముద్రించిన చీటీ పెట్టండి. కాగితం పుస్తకం కోసం వచ్చినవారిలో ఎక్కువమంది ఈ-పుస్తకం సంగతి ఆ చీటీ వల్లే తెలుసుకుంటారు. మూడు నెలలకోసారి ఎవరైనా కూర్చుని లింకులన్నీ నొక్కి చూడాలి. విసుగు పుట్టించే పనే, కానీ రెండుసార్లు ఖాళీ పేజీ కనిపిస్తే పాఠకుడు మూడోసారి నొక్కడు.

ఒప్పందాన్ని అక్షరం అక్షరం చదవండి

కొత్త పుస్తకాలు కావాలంటే డబ్బు పెట్టి లైసెన్సులు తీసుకోవలసిందే. అవి రకరకాలుగా ఉంటాయి, ఒకే సరఫరాదారు దగ్గరే ఒక్కో ప్రచురణకర్త పుస్తకానికి ఒక్కో షరతు ఉంటుంది.

అన్నిటికంటే సాధారణం ఒక కాపీకి ఒక పాఠకుడు అనే పద్ధతి. ఒకరు తిరిగి ఇచ్చేదాకా మరొకరికి దొరకదు. ఫైలును ఎన్నిసార్లయినా నకలు తీయగల కాలంలో ఇది వింతగా కనిపిస్తుంది. కావాలనే కాగితం పుస్తకాన్ని అనుకరించేలా పెట్టిన కట్టుబాటు అది. దాని మీద మళ్లీ గడువులు ఉంటాయి. కొన్ని లైసెన్సులు 24 నెలలకు ముగుస్తాయి. కొన్ని ఇన్నిసార్లు ఇష్యూ అయితే ముగుస్తాయి. 2011లో హార్పర్‌కాలిన్స్ తమ ఈ-పుస్తకం 26 సార్లు ఇష్యూ అయ్యాక మళ్లీ కొనాలని నిబంధన పెట్టినప్పుడు గ్రంథాలయాల్లో పెద్ద దుమారమే రేగింది. రెండు వారాల చొప్పున 26 సార్లంటే 52 వారాలు. బాగా గిరాకీ ఉన్న పుస్తకం సరిగ్గా ఏడాదికి చేజారిపోతుందన్నమాట. గిరాకీ లేని పుస్తకానికి మాత్రం సార్ల లెక్కే మేలు. నెలకొకరు తీసుకునే పుస్తకం రెండేళ్లు దాటి నిలుస్తుంది. కాబట్టి కొత్తగా వచ్చిన నవలకు ఏ షరతు, నిదానంగా కదిలే పుస్తకానికి ఏ షరతు అని విడివిడిగా చూసుకుని ఎంచుకోవాలి.

ఇంకో రకంలో ముందుగా ఏమీ కొనరు, పాఠకుడు తీసుకున్నప్పుడల్లా గ్రంథాలయం ఇంత అని చెల్లిస్తుంది. హూప్లా వంటి సేవలు ఇలా నడుస్తాయి. వరుసలో నిలబడే అవసరం లేదు, పాఠకులు సంతోషిస్తారు. అయితే సేవ ఎంత బాగా నడిస్తే ఖర్చు అంత పెరుగుతుంది. నెలకు ఒక్కో సభ్యుడికి ఇన్ని అని పరిమితి పెట్టే వీలుందో లేదో చూడకుండా చిన్న గ్రంథాలయం దీని జోలికి వెళ్లకూడదు. ఒకే రుసుముకు ఎందరైనా ఒకేసారి చదువుకోగల చందాలూ ఉన్నాయి. వాటిలో పుస్తకాల సంఖ్య ఘనంగా చెబుతారు గానీ మీ పాఠకులు అడిగేవి అందులో ఎన్ని ఉన్నాయో మీ నోటుబుక్కు తీసి సరిచూడండి.

ధర గురించి ముందే కమిటీ చెవిన వేయండి. పెద్ద ప్రచురణ సంస్థల కొత్త ఈ-పుస్తకానికి గ్రంథాలయం చెల్లించేది మామూలు పాఠకుడు చెల్లించే ధరకు కొన్ని రెట్లు ఉండటం మామూలే. “ఫోనులో అంత చవకగా దొరుకుతుంటే మనకెందుకు ఇంత?” అని సభ్యులు అడుగుతారు. సమాధానం ఒప్పందంలోనే ఉంది. మామూలు పాఠకుడు తాను చదువుకోవడానికి కొంటాడు, గ్రంథాలయం నలుగురికి ఇచ్చే హక్కు కొంటుంది. ఆ హక్కుకు ఎంత వెల కట్టాలో ప్రచురణకర్తే నిర్ణయిస్తాడు. అసలు అమ్మాలో వద్దో కూడా ఆయన ఇష్టమే. 2019 నవంబరులో మాక్‌మిలన్ సంస్థ కొత్త పుస్తకం వచ్చిన మొదటి ఎనిమిది వారాలు ఎంత పెద్ద గ్రంథాలయ వ్యవస్థకైనా ఒకే ఈ-కాపీ ఇస్తామంది. గ్రంథాలయాలు బహిష్కరణకు దిగాయి. 2020 మార్చిలో ఆ నిబంధన ఎత్తేశారు.

సంతకానికి ముందు సరఫరాదారును ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోనులో చెప్పిన హామీకి విలువ లేదు.

- పుస్తకాలు అందించే ఆన్‌లైన్ వేదిక నిర్వహణకు ఏటా కట్టేది ఎంత, పుస్తకాలకు మిగిలేది ఎంత?
- ఒప్పందం ముగిస్తే ఇప్పటిదాకా తీసుకున్న పుస్తకాలు ఏమవుతాయి? మరో సరఫరాదారు దగ్గరికి మార్చుకోవచ్చా?
- ఖర్చు కాని సొమ్ము వచ్చే ఏడాదికి కొనసాగుతుందా?
- ఏ పరికరాల మీద చదవవచ్చు? ఇంటర్నెట్ లేనప్పుడు తెరుచుకుంటుందా?
- పాఠకుల వివరాలు ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటాయి?

పరికరాల ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. ఉదాహరణకు, లిబ్బీ ద్వారా తీసుకున్న పుస్తకాన్ని అమెజాన్ వారి ఈ-రీడర్ కిండిల్ మీద చదివే వీలు అమెరికా గ్రంథాలయాలకే ఉంది. మిగతా దేశాల పాఠకులు చుట్టాలిచ్చిన కిండిల్ పట్టుకుని ఆశగా వస్తే నిరాశే మిగులుతుంది.

ఒంటరిగా బేరమాడే చిన్న గ్రంథాలయానికి మంచి ధర రావడం కష్టం. చుట్టుపక్కల గ్రంథాలయాలతో కలిసి ఉమ్మడి చందా తీసుకోగలిగితే ఖర్చు పంచుకోవచ్చు, పుస్తకాలూ ఎక్కువ దొరుకుతాయి. కాకపోతే మీరు కొన్న కాపీ కోసం మీ సభ్యులే పక్క ఊరి వారి వెనక వరుసలో ఉండాల్సి రావచ్చు. సొంత సభ్యులకు మొదటి వంతు ఇచ్చే ఏర్పాటు ఉందేమో అడగండి.

మీ పుస్తకాలను మీరే స్కాన్ చేసే ముందు

“మన దగ్గరున్న పుస్తకాలనే స్కాన్ చేసి పెడితే పోలేదా?” అని ప్రతి కమిటీలోనూ ఒకరు అంటారు. కాపీరైటు ఉన్న పుస్తకాల విషయంలో ఆ దారి ప్రమాదకరం. అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ గ్రంథాలయం సరిగ్గా ఇదే చేసింది. తమ దగ్గరున్న ఒక అచ్చు కాపీకి బదులు ఒక స్కాన్ కాపీ అరువిచ్చింది. నాలుగు ప్రచురణ సంస్థలు 2020లో దావా వేశాయి. 2023లో న్యూయార్క్ కోర్టు, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఆర్కైవ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పాయి. అంత పెద్ద సంస్థే నెగ్గలేని వాదన మీద మీ గ్రంథాలయాన్ని పందెం కాయకండి.

స్కాన్ చేయదగినవి వేరే ఉన్నాయి. కాపీరైటు గడువు తీరిన స్థానిక పత్రికలు, పాత ఛాయాచిత్రాలు, సంఘాల నివేదికలు, హక్కుదారులు రాతపూర్వకంగా అనుమతించిన రచనలు. ఇవి ఏ సరఫరాదారు దగ్గరా దొరకవు, ఎవరూ వచ్చి గడువు తీరిందని తీసుకుపోరు. అక్షరాలున్న పేజీలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), సన్న అక్షరాల పత్రికలకు 400 పెట్టండి. భద్రపరచడానికి టిఫ్ ఫైలు, చదవడానికి పీడీఎఫ్ ఉంచండి. మొత్తం మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల నిల్వ సాధనాల మీద, ఒకటి వేరే భవనంలో ఉండాలి. ఆ మూడో కాపీ లేకుండా పని పూర్తయిందని రాయవద్దు.

ఇంటర్నెట్ బలహీనంగా ఉంటే

అక్షరాలే ఉన్న ఈపబ్ (ఈ-పుస్తకాలకు వాడే ఫైలు రకం) పుస్తకం సాధారణంగా ఒకటి రెండు మెగాబైట్లు దాటదు. ఆడియో పుస్తకం సంగతి వేరు. సెకనుకు 64 కిలోబిట్ల నాణ్యతతో గంటకు దాదాపు 29 మెగాబైట్లు, పది గంటల పుస్తకానికి 290. కాబట్టి ఆడియో పుస్తకాలను గ్రంథాలయంలోనే దింపుకుని వెళ్లమని చెప్పండి, వైఫై అందే చోట నాలుగు కుర్చీలు వేయండి.

కనెక్షనే లేని చోట కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉపయోగపడుతుంది. వికీపీడియా, గుటెన్‌బర్గ్ పుస్తకాలు వంటివాటిని ముందే దింపుకుని ‘రాస్ప్‌బెరీ పై’ అనే చిన్న కంప్యూటర్‌లో పెడితే, గదిలోని వారు తమ ఫోన్లను దాని వైఫైకి కలిపి ఇంటర్నెట్ లేకుండానే చదువుకోవచ్చు.

వారానికో సహాయ వేళ

సేవ నిలిచేదీ కూలేదీ ఇక్కడే. వారంలో ఒక రోజు, ఒకే సమయం, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఆ వేళలో ఇంకో పని పెట్టుకోకండి. పాఠకుడి ఎదురుగా కూర్చోవద్దు, పక్కన కూర్చోండి. ఫోను ఆయన చేతిలోనే ఉండనివ్వండి. మీరు లాక్కుని నాలుగు నొక్కులు నొక్కి “అయిపోయింది” అని ఇచ్చేస్తే, మరుసటి వారం అదే సందేహంతో మళ్లీ వస్తారు, లేదా అసలు రారు.

వచ్చేవారి చిక్కులు చాలావరకు పుస్తకాలకు సంబంధించినవి కావు. యాప్ దింపుకోవడానికి పాస్‌వర్డు గుర్తుండదు. ఫోను నిండా ఫొటోలు, వీడియోలు ఉండి చోటు చాలదు. ఫోనులో తేదీ తప్పుగా ఉండటంతో సురక్షిత సైట్లు తెరుచుకోవు. ఈ చివరిదాన్ని ముందే చూడండి, చాలా సమయం మిగులుతుంది. పాస్‌వర్డు ఎట్టి పరిస్థితిలోనూ మీ పుస్తకంలో రాసి ఉంచవద్దు. వారి డైరీలో వారి చేతే రాయించండి.

“పుస్తకం పోయింది, నేనేం నొక్కానో ఏమో” అని కంగారుగా వచ్చేవారు కచ్చితంగా ఉంటారు. గడువు తీరితే పుస్తకం దానంతట అదే వెనక్కి వెళుతుందని, తప్పు వారిది కాదని మొదటి రోజే చెప్పి ఉంచండి. జరిమానా లేదన్న మాట కూడా. అప్పుడు అచ్చు పుస్తకానికి ఆలస్య రుసుము ఎందుకని వారు నిలదీయవచ్చు. నా అభిప్రాయం అడిగితే, ఆ ప్రశ్న కమిటీ దాకా తీసుకువెళ్లదగినదే.

పెద్ద అక్షరాలతో అరపేజీ కాగితం మీద మెట్లు రాసి చేతికివ్వండి. మీ గ్రంథాలయంలో పాఠకులు నిజంగా చూసే తెర బొమ్మలతోనే తయారు చేయండి. సరఫరాదారు పంపిన రంగుల కరపత్రంలో బొమ్మలు పాత యాప్‌వి కావడం అరుదేమీ కాదు.

నిబంధనలు, వరుస లెక్క

ఒక కాపీ, రెండు వారాల గడువు అనుకోండి. ఒకరు చదువుతున్నారు, వరుసలో 11 మంది ఉన్నారు. ఇప్పుడు పేరు రాయించుకునే వ్యక్తికి వంతు రావడానికి 24 వారాలు పట్టవచ్చు. ఆ మాట పేరు రాసేటప్పుడే చెప్పండి. చదవడం ముగిసిన వెంటనే తిరిగి ఇచ్చే మీట ఎక్కడుందో ప్రతి పాఠకుడికీ చూపించండి. గడువు దాకా అట్టే పెట్టుకునేవారు సోమరితనంతో అలా చేయరు, ఆ మీట ఉందని తెలియకే చేస్తారు. వరుస ఎంత పెరిగితే రెండో కాపీ కొంటారో ముందే నిర్ణయించండి. ఆరుగురికి ఒక కాపీ అనో, ఎనిమిది మందికి అనో మీ సొమ్మును బట్టి. అచ్చు కాపీ అరలో ఖాళీగా ఉంటే వరుసలో ఉన్నవారికి ఫోను చేసి చెప్పండి. ఈ చిన్న పని చేస్తే సగం ఒత్తిడి తగ్గుతుంది.

చూపు తగ్గినవారి కోసం

ఈపబ్‌లో అక్షరం పెద్దది చేస్తే వరుసలు వాటంతటవే సర్దుకుంటాయి. పీడీఎఫ్‌లో పేజీ మొత్తం పెరిగి, చిన్న తెర మీద అటూ ఇటూ జరుపుకోవాల్సి వస్తుంది. రెండూ దొరికితే ఈపబ్‌నే ఇవ్వండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఒక బొమ్మ మాత్రమే. అందులోని అక్షరాలను గుర్తించే ప్రక్రియ జరిపితే తప్ప ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్, ఐఫోన్‌లోని వాయిస్‌ఓవర్ వంటివి దాన్ని సరిగ్గా చదివి వినిపించలేవు. మీరు స్వయంగా స్కాన్ చేసినవాటికీ ఇది వర్తిస్తుంది.

అంధులకు పుస్తకాలను అనువైన రూపంలోకి మార్చి ఇవ్వడానికి కాపీరైటు అడ్డు కాకూడదని 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందం 2016లో అమల్లోకి వచ్చింది. మీ దేశం అందులో చేరి ఉంటే, దాని కింద పుస్తకాలు అందించే సంస్థను వెతికి, మీ పాఠకులను వారి దగ్గర నమోదు చేయించండి. డబ్బు పెట్టి తెచ్చే ఏ చందా కంటే ముందు చేయవలసిన పని ఇది.

పాఠకుడి గుట్టు

ఎవరు ఏ పుస్తకం చదివారన్నది కౌంటరు దాటి బయటికి పోకూడదన్నది మన వృత్తిలో పాత మర్యాద. డిజిటల్ సేవలో ఆ సమాచారం మూడో వ్యక్తి కంప్యూటర్‌లో ఉంటుంది. 2014లో ఈ-పుస్తకాలు చదివే సాఫ్ట్‌వేరు అడోబీ డిజిటల్ ఎడిషన్స్ కొత్త వెర్షన్ పాఠకులు ఏ పుస్తకంలో ఏ పేజీ చదివారో ఎలాంటి రక్షణా లేకుండా ఇంటర్నెట్ మీద పంపుతోందని బయటపడి గగ్గోలు పుట్టింది. సభ్యుల పుట్టిన తేదీ, ఫోను నంబరు సరఫరాదారుకు నిజంగా అవసరమా? చాలాసార్లు సభ్యత్వ సంఖ్య, పిన్ చాలు. టాబ్లెట్లు, ఈ-రీడర్లు ఇంటికి ఇస్తుంటే తిరిగి వచ్చిన ప్రతిసారీ వాటిని మొదటి స్థితికి తెచ్చాకే మరొకరికి ఇవ్వండి.

ఏడాది చివర, ఒప్పందం ముగిసేలోపు

మొత్తం ఇష్యూల సంఖ్య చూసి మురిసిపోవద్దు. నలుగురు అలవాటు పాఠకులు ఆ సంఖ్యను ఎంతైనా పెంచగలరు. ఎందరు వేర్వేరు సభ్యులు వాడారు, వారిలో ఒకసారి వాడి మానేసినవారు ఎందరు, ఒక్కో ఇష్యూకు ఖర్చెంత పడింది అన్నవి తీయండి. వాడకం లెక్కలకు ఉన్న కౌంటర్ (COUNTER) అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం నివేదికలు ఇస్తారేమో సరఫరాదారును అడగండి. ఇద్దరి లెక్కలను పోల్చాలంటే రెండూ ఒకే పద్ధతిలో ఉండాలి కదా.

ఒప్పందం ముగిసే తేదీకి మూడు నెలల ముందు క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. దానంతట అదే పొడిగింపు అయ్యే నిబంధన చాలా ఒప్పందాల్లో ఉంటుంది, వద్దనుకుంటే ఇన్ని రోజుల ముందు తెలపాలని కూడా రాసి ఉంటుంది. ఆ తేదీలోపే, గడువు తీరబోతున్న లైసెన్సుల జాబితా తెప్పించి, ఒక్కో పుస్తకం పక్కన మళ్లీ కొనాలా, అచ్చు కాపీకి మారాలా, వదిలేయాలా అని రాయండి. సేవ మార్చబోతుంటే సభ్యులకు కనీసం నెల ముందు చెప్పండి. వరుసలో ఉన్న పేర్లు కొత్త సేవలోకి వాటంతటవే రావు కాబట్టి, ఆ జాబితా కాగితం మీదైనా దించుకుని ఉంచండి.